ఆన్‌లైన్ ఇంటర్వ్యూ: హాస్టల్ నుంచి మేలా, ఊరెళ్లి ఇంటి నుంచి మేలా?

అమీర్‌పేట, ఎస్‌.ఆర్‌.నగర్ హాస్టళ్లలో ఉండి కోర్సులు చేస్తున్న పిల్లలు నన్ను పదేపదే అడిగే ప్రశ్న ఇది. ఇంటర్వ్యూ మెయిల్ రాగానే ఇక్కడే కూర్చోవాలా, బస్సెక్కి ఊరెళ్లిపోవాలా అని తేల్చుకోలేరు. "ఊళ్లో నెట్ సరిగా రాదన్నా" అన్న భయంతో ఎక్కువమంది హాస్టల్లోనే ఆగిపోతారు.

ఆ భయం అవసరానికి మించినది. జూమ్‌లో ఇద్దరు మాట్లాడుకునే వీడియో కాల్‌కి 600 కేబీపీఎస్ చాలు, హెచ్‌డీ అయినా 1.2 ఎంబీపీఎస్ సరిపోతుంది. 4జీ సిగ్నల్ నిలకడగా ఉండే ఊళ్లో ఇది కష్టం కాదు. హాస్టల్ వైఫై స్పీడ్ టెస్టులో ఘనంగానే కనిపిస్తుంది కానీ అంతస్తు మొత్తం ఒకే రూటర్ మీద వేలాడుతుంటే ఆ అంకె ఎంతసేపు నిలుస్తుందో చెప్పలేం. పైగా అందరూ చూసేది డౌన్‌లోడ్ అంకె. మన గొంతు అవతలికి చేరేది అప్‌లోడ్ మీద.

అసలు తేడా గొంతు దగ్గరే వస్తుందని నా నమ్మకం. ప్యానెల్‌లో కూర్చున్నప్పుడు బొమ్మ కాస్త మసకగా ఉంటే నేను పట్టించుకోను. మాట తెగితే మాత్రం అడిగిందే మళ్లీ అడగాలి. బాగా చెబుతున్న అబ్బాయి అక్కడ ఆగి మళ్లీ మొదలుపెట్టేసరికి మొదటిసారి ఉన్న స్పష్టత పోతుంది. తెలిసిన జవాబు కూడా తెలియనట్టే వినిపిస్తుంది. ఇలా నష్టపోయిన మంచి పిల్లల్ని చూశాను, బాధేస్తుంది.

గొంతు స్పష్టంగా చేరాలంటే చుట్టూ నిశ్శబ్దం కూడా కావాలి. ఫోర్ షేరింగ్ రూములో అది మన చేతిలో ఉండదు. ఒకడు ఛార్జర్ కోసం తలుపు తోసుకొస్తాడు, ఇంకొకడు ఫోన్ మాట్లాడతాడు. కొన్ని కంపెనీలు కెమెరా తిప్పి గది చూపించమంటాయి. పక్క మంచం మీద ఎవరైనా ఉంటే, అతను ఏమీ అందించకపోయినా అనుమానం మీ మీదకే వస్తుంది. అదే ఇంట్లో అయితే అమ్మానాన్నలకి ముందు ఒక్క మాట చెబితే చాలు, ఆ గంట టీవీ పెట్టరు, మిక్సీ వేయరు, వచ్చిన చుట్టాల్ని కూడా వరండాలోనే కూర్చోబెడతారు. నా ఓటు ఇంటికే.

ఇంటి దగ్గర చిక్కల్లా కరెంటు. ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తుంది, రూటర్ ఆగిపోతుంది. రూటర్‌కి చిన్న యూపీఎస్ దొరుకుతుంది. అది లేకపోతే ఫోన్‌ని కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కి కలిపి యూఎస్‌బీ టెథరింగ్ (ఫోన్ నెట్‌ని కేబుల్ ద్వారా ల్యాప్‌టాప్‌కి ఇవ్వడం) పెట్టుకోండి, వైఫై హాట్‌స్పాట్ కంటే నిలకడగా ఉంటుంది. సామాను లేని శ్లాబు గదిలో గొంతు మోగుతుంది కాబట్టి పరుపు, బట్టలు, కర్టెన్ ఉన్న గది ఎంచుకోండి. బ్లూటూత్ ఇయర్‌బడ్స్‌లో మైక్ వాడగానే చాలాసార్లు ఆడియో నాణ్యత పడిపోతుంది, వైరున్న ఇయర్‌ఫోన్సే మేలు.

ఒక్క సందర్భంలో హాస్టల్‌కే మొగ్గుతాను. ఈరోజు మెయిల్ వచ్చి రేపు పొద్దున్నే స్లాటయితే, రాత్రంతా బస్సులో కూర్చుని నిద్రలేని మొహంతో కెమెరా ముందుకు రావద్దు. రూమ్మేట్లు క్లాసులకో డ్యూటీకో వెళ్లే మధ్యాహ్నం వేళకి మార్చమని హెచ్‌ఆర్‌ని మర్యాదగా అడగండి. వార్డెన్ దగ్గర ఖాళీ రూము ఉందేమో కూడా కనుక్కోండి.

హాస్టల్, ఇల్లు కాక మిగతా చోట్లలో, ఒంటరిగా ఉండే ఫ్రెండ్ ఫ్లాట్ దొరికితే మంచిదే. కోవర్కింగ్ స్పేస్‌లో (అద్దెకిచ్చే ఉమ్మడి ఆఫీసు) గంట లెక్కన గది తీసుకోవచ్చు, తలుపున్నదే తీసుకోండి. నెట్ సెంటర్ వద్దు.

ఎక్కడ కూర్చున్నా ముందురోజు సరిగ్గా అదే సమయానికి, అదే కుర్చీలోంచి ఒక ఫ్రెండ్‌కి వీడియో కాల్ చేసి రికార్డు చేయించుకుని వినండి. పొద్దున పది గంటలకి కిటికీలోంచి వచ్చే చప్పుడు వేరు, సాయంత్రం ఐదింటికి వచ్చేది వేరు.