రేకు అడ్డొస్తే రాడార్‌కు ఊపిరి కనబడదు

శిథిలాల కింద మనుషుల్ని వెతికే రాడార్‌తో ఆరేళ్లుగా పనిచేస్తున్నాను. బరువెంత, బ్యాటరీ ఎంతసేపు వస్తుంది వంటివి ఎక్కడైనా దొరుకుతాయి. నాకు దానిమీద ప్రేమ ఒక్కందుకే: అరవలేని మనిషిని కూడా అది వెతుకుతుంది. మైకులతో వినే పరికరానికి కేకో, తట్టిన చప్పుడో కావాలి. దీనికి స్పృహలేని మనిషి ఛాతీ లేచి పడితే చాలు. రేడియో తరంగాలు లోపలికి పంపి, కదలని కాంక్రీటు నుంచి తిరిగొచ్చేవాటిని పక్కనపెట్టి, ఆ కొద్ది మిల్లీమీటర్ల కదలికను పట్టుకుంటుంది. 2015 నేపాల్ భూకంపంలో చౌతారా దగ్గర నాసా వాళ్ల ఫైండర్ అనే ఇలాంటి రాడారే గుండె చప్పుడు పట్టుకుని నలుగురిని బతికించిందని చదివినప్పటి నుంచి, తెరమీద చుక్క లేదంటే కింద మనిషి లేడనే నమ్మాను.

ఆ నమ్మకం ఒక వానరాత్రి పోయింది. మూడంతస్తుల ఇల్లు కూలింది. ఒక మూల జాగిలం గీరుతూ మొరుగుతోంది. జేసీబీ, జనరేటర్ ఆపించి, అందరినీ వెనక్కి పంపి స్కాన్ చేశాను. ఏమీ లేదు. మళ్లీ చేశాను, ఏమీ లేదు. "ఇక్కడ ఎవరూ లేరు సార్" అనేశాను. ఆ మాట ఇప్పటికీ గుచ్చుతుంది. జాగిలాన్ని చూసుకునే కుర్రాడు మాత్రం కదల్లేదు. "మా పిల్ల ఊరికే మొరగదన్నా" అన్నాడు. అంతలో పక్కింటి పెద్దాయన, "ఆ గదిమీద రేకుల షెడ్డుండేది బాబూ" అన్నాడు.

రేకు! తరంగాలు దానికి తగిలి అక్కడి నుంచే వెనక్కి వచ్చేస్తున్నాయి. ఐదడుగులు జరిగి, విరిగిన కిటికీ వైపు నుంచి అడ్డంగా పెట్టాను. మూడున్నర మీటర్ల దూరంలో ఊపిరి చూపించింది. నాలుగు గంటలు కోసి, తవ్వి ఒకావిడను బయటికి తీశాం. గోళ్లనిండా సున్నం. అరిచి అరిచి గొంతు పూర్తిగా పోయింది, పెదాలు మాత్రం కదులుతున్నాయి.

ఇంకో సంగతి, మా దగ్గరున్నది దూరమే చెబుతుంది, దిక్కు చెప్పదు. రెండు మూడు చోట్ల పెట్టి లెక్క చూసుకోవాలి. ఒకసారి గోడవెనక నిలబడ్డ మావాడి ఊపిరినే చూపించి గంట వృథా చేసింది. శిథిలాలు బాగా తడిస్తే లోతు కూడా తగ్గుతుంది.

నేను ఎక్కువగా వాడింది పట్టణాల్లోని స్లాబు ఇళ్ల దగ్గరే. మా టీంకు మంచి జాగిలం ఉంది కాబట్టి ఇది రెండో కన్నులా పనికొస్తోంది. ఇదొక్కటే చేతిలో ఉన్న టీంకు కూడా ఇదే మాట చెప్పగలనో లేదో. నేనైతే ఇది లేకుండా వెళ్లను. కాకపోతే స్విచ్ వేసేముందు ఇరుగుపొరుగును పిలిచి అడుగుతున్నాను: పైన రేకులుండేవా? ఇనుప బీరువా ఏ గదిలో ఉండేది?