ఏళ్ళ తరబడి విన్నాక: యాసిడ్ బాత్ 'వెన్ ద కైట్ స్ట్రింగ్ పాప్స్'

యాసిడ్ బాత్ అనే మెటల్ బ్యాండ్ చేసిన ఈ ఆల్బమ్ అందరికీ ఎక్కదు. ఇంటిల్లిపాదీ కూర్చున్న కారులో పెట్టుకునేది అసలే కాదు. 1994లో రాటెన్ రికార్డ్స్ అనే చిన్న లేబుల్ నుంచి వచ్చింది. మొత్తం 14 పాటలు, నిడివి గంట పైనే. కాలేజీ రోజుల నుంచీ వింటున్నాను. ఈలోగా ఫోన్లు మారాయి, ఇయర్‌ఫోన్లు ఎన్ని పోయాయో. ఇది మాత్రం నా ప్లేలిస్టు వదిలి పోలేదు.

బ్యాండ్ వాళ్ళది అమెరికాలో దక్షిణాన ఉన్న లూసియానా రాష్ట్రం, హూమా ప్రాంతం. చిత్తడి నేలలు, కదిలీ కదలని కాలువలు, రొయ్యల పడవలు, చమురు పనులు ఉండే చోటు. అక్కడికి దగ్గర్లోని న్యూ ఆర్లీన్స్‌లో ఐహేట్‌గాడ్, క్రోబార్ లాంటి బ్యాండ్లు పాత మెటల్ బ్యాండ్ బ్లాక్ సబ్బాత్ నెమ్మది, బరువు నడకకు హార్డ్‌కోర్ పంక్ అనే వేగమైన, ముతక రాక్ కోపం కలిపి స్లడ్జ్ మెటల్ వాయిస్తున్న కాలమది. యాసిడ్ బాత్ కూడా ఆ బురదలోదే. కానీ వీళ్ళకు గాయకుడు డాక్స్ రిగ్స్ గొంతు ఉంది.

మెటల్‌లో అరిచేవాళ్ళకు కొదవేముంది? రిగ్స్ కూడా అరుస్తాడు, చెవులు చిల్లులు పడేలా. అయితే గిటార్లు బాగా కింది శ్రుతికి దిగి గరగరమంటుంటే, వాటి మీద బ్లూస్ గాయకుడిలా నిండు గొంతుతో, తాపీగా సాగదీసి పాడతాడు కూడా. మొదటి పాట 'ద బ్లూ'లోనే ఆ రెండూ వినిపిస్తాయి. తుఫానుకు ముందు కోస్తాలో గాలి స్తంభించి ఉక్కపోస్తుందే, ఆ బరువు ఉంటుంది ఆ రిఫ్‌లో, అంటే మళ్ళీ మళ్ళీ వచ్చే గిటార్ వరసలో. మూడో పాట 'చీప్ వోడ్కా' పంక్ వేగంతో దూసుకొచ్చి అంతే వేగంగా అయిపోతుంది.

మొదట్లో నేను వేగంగా సాగే పాటల కోసమే పెట్టుకునేవాణ్ణి. ఇప్పుడు ఎక్కువగా వినేది 'స్క్రీమ్ ఆఫ్ ద బటర్‌ఫ్లై', 'ద బోన్స్ ఆఫ్ బేబీ డాల్స్'. ఆల్బమ్ మొత్తంలో అన్నిటికన్నా బరువైనవి ఈ మెత్తటి పాటలే అని నా లెక్క. ఇక్కడ గొంతు దాక్కోవడానికి చుట్టూ గిటార్ల రొద ఉండదు. సాహిత్యం నిండా చావు, మత్తు, కుళ్ళు. కడుపులో తిప్పే మాటలున్నాయి. వాటిని పాడే తీరులో మాత్రం జాలి ఉంది.

అట్ట మీది బొమ్మ నాకు నచ్చదు. అది 33 హత్యల్లో దోషిగా తేలిన జాన్ వేన్ గేసీ గీసిన జోకర్ బొమ్మ. అదే ఏడాది మే నెలలో అతనికి మరణశిక్ష అమలైంది, ఆగస్టులో ఆల్బమ్ వచ్చింది. సంచలనం కోసం చేసిన పని అనిపిస్తుంది. ఇంత మంచి పాటలకు ఆ ఎర ఎందుకో!

లోపాలూ ఉన్నాయి. నిడివి ఎక్కువ, రెండో సగంలో ఒకటి రెండు పాటలు తీసేసినా నష్టం లేదు. డి.ఆర్.ఐ. బ్యాండ్ గిటారిస్ట్ స్పైక్ కాసిడీ ప్రొడ్యూస్ చేశాడు. శబ్దం గరుకుగా, డ్రమ్స్ పొడిపొడిగా ఉంటాయి. ఫోన్ స్పీకర్‌లో వింటే ఉత్త రొద. బేస్ సరిగ్గా పలికే హెడ్‌ఫోన్స్ కావాలి, లేదంటే ఆ బేస్ వాయించిన ఆడీ పిట్రే పనితనం మీదాకా రాదు.

1997 జనవరిలో తాగి నడిపిన ఒకడి బండి గుద్ది పిట్రే, అతని తల్లిదండ్రులు చనిపోయారు. బ్యాండ్ అంతటితో ఆగిపోయింది. గిటారిస్ట్ సామీ డ్యుయెట్ గోట్‌హోర్ అనే బ్యాండ్ పెట్టుకున్నాడు, రిగ్స్ మెటల్‌కు దూరంగా జరిగాడు. మళ్ళీ 2025లో యాసిడ్ బాత్ పేరుతో వేదిక ఎక్కారు.

1996 నాటి రెండో ఆల్బమ్ 'పేగన్ టెర్రరిజం టాక్టిక్స్' ఇంకొంచెం నున్నగా ఉంటుంది. కొత్తవాళ్ళు దాంతో మొదలుపెట్టినా తప్పులేదు. నన్నడిగితే మాత్రం ఇదే ముందు వినమంటాను, అదీ 'స్క్రీమ్ ఆఫ్ ద బటర్‌ఫ్లై'తో. ఆ పాట పట్టుకోకపోతే మిగతా పదమూడింటి జోలికి వెళ్ళక్కర్లేదు.