బ్యాంకు వేలంలో విజయవాడ సింగ్‌నగర్ ఫ్లాటు: కొన్నవాడికి నయమే, ఇరుగుపొరుగుకే నరకం

బ్యాంక్‌నెట్ సైటులో వేలం ఇల్లు కొనొచ్చా అని అడిగేవాళ్లకి నా జవాబు: కొనొచ్చు, డబ్బు చేతిలో సిద్ధంగా ఉంటే. మా అన్నయ్య కొడుకు మా అపార్ట్‌మెంట్‌లోనే కింది ఫ్లాటు అలా కొన్నాడు. అసోసియేషన్ లెక్కలు చూసేది నేనే కాబట్టి ఆ ఫ్లాటు భాగోతం మొదట్నుంచీ నాకు తెలుసు.

ప్రభుత్వ బ్యాంకులు వేలానికి పెట్టిన ఆస్తుల్ని ఒకచోట చూపించే సైటు ఇది. 2025 జనవరిలో వచ్చింది. ఊరు పెట్టి వెతికితే రిజర్వు ధర (అంతకు తగ్గి అమ్మని ధర), ధరావతు (పాటకి ముందు కట్టే డిపాజిట్), వేలం తేదీ కనిపిస్తాయి. బ్రోకరు బెడద లేదు. అక్కడిదాకా బాగుంది. ఆ కింది ఫ్లాటుకి బ్యాంకువాళ్లు పెట్టిన ఫొటో మాత్రం మూసిన తలుపు, దాని మీద అంటించిన నోటీసు, అంతే. తలుపు వెనక ఏముందో మమ్మల్ని అడగాలి.

లోను వాయిదాలు ఆగి 90 రోజులు దాటితే ఖాతా మొండిబాకీ కింద పడుతుంది. బ్యాంకులు తాకట్టు ఆస్తిని తీసుకుని బాకీ రాబట్టుకునే 2002 నాటి సర్ఫేసీ చట్టం ప్రకారం 60 రోజుల నోటీసు ఇస్తారు, అప్పటికీ కట్టకపోతే స్వాధీనం. పాపం, లోను కట్టలేక ఆ ఫ్లాటులోని కుటుంబం సామాను సర్దుకుని వెళ్లిపోయింది. తర్వాత తాళం బ్యాంకుది, కంపు మాది. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి మీద పడ్డప్పుడు మా కింది అంతస్తంతా మునిగింది. నీళ్లు తీశాక ఫైరింజన్లు వచ్చి ఇళ్లు కడిగాయి. తడిసిన పరుపులు, బియ్యం బస్తాలు అందరం రోడ్డు మీద పోశాం. ఆ ఒక్క తలుపే తెరుచుకోలేదు. కిటికీ సందులోంచి చూస్తే గచ్చు మీద బురద బీటలు వారి, గోడలకి నడుమెత్తు దాకా నల్లటి చార. ఇక దోమల సంగతి చెప్పక్కర్లేదు. బ్యాంకుకి ఫోన్ చేస్తే "రికవరీ సెక్షన్‌కి రాయండి మేడమ్" అనేవారు. రాశాం, రాస్తూనే ఉన్నాం.

అమెరికాలో ఇళ్ల అప్పులు కుప్పకూలినప్పుడు, అలా ఖాళీ పడ్డ ఇళ్లు కొని బాగుచేయడానికో పడగొట్టడానికో 2008లో అక్కడి ప్రభుత్వం రాష్ట్రాలకీ నగరాలకీ 392 కోట్ల డాలర్లు కేటాయించింది. ఒక ఇల్లు పాడుబడితే వీధి మొత్తానికి ధర పోతుందని వాళ్లు లెక్కేసుకున్నారు. ఇక్కడ ఆ లెక్క వేసేవాడు లేడు. ఆ ఫ్లాటు కిందుగా పోయే డ్రైనేజీ పైపు పూడిపోతే మేమే తలాకొంత వేసుకుని మార్పించాం.

మొదటి వేలానికి ఒక్కరూ రాలేదు. ధర తగ్గించి మళ్లీ పెడితే మావాడు పాడాడు. ధరావతు పదో వంతు కట్టాడు. పాట ఖాయమయ్యాక అదే రోజు గానీ మర్నాటి పనిదినానికి గానీ, ధరావతుతో కలిపి 25 శాతం పడాలి. మిగతాది బ్యాంకు అమ్మకం ఖరారు చేసిన 15 రోజుల్లో కట్టాలి, లేదంటే కట్టింది కూడా పోతుంది. లోను మీద కొనాలనుకుంటే ముందే మాట్లాడి పెట్టుకోండి. ఇన్‌స్పెక్షన్ రోజున తప్పకుండా వెళ్లి లోపలికి అడుగు పెట్టి చూడండి.

ఇంకో సంగతి. "ఉన్నది ఉన్నట్టుగా" అమ్మకం అంటే పాత బాకీలు కూడా మన నెత్తినే పడొచ్చు. పాట పాడే ముందు అసోసియేషన్ వాళ్ల దగ్గర మెయింటెనెన్సు బకాయి ఎంతుందో రాయించుకోండి. మావాడు అడగలేదు. పైపు ఖర్చుతో సహా మొత్తం నా దగ్గరే కట్టి, "అత్తా, నీకంటే బ్యాంకే నయం" అని రసీదు పట్టుకుపోయాడు.