ఫైల్ ఉందో లేదో ముందే చూడాలా, తెరిచాక ఎర్రర్ పట్టుకోవాలా: ఏది మేలు?

భీమవరం, ఉండి, ఆకివీడు వైపు ఒక రొయ్యల రైతు చెరువుల లెక్కలు ఎక్సెల్‌లో రాయిస్తున్నాడనుకుందాం. ఏ చెరువుకు ఎంత మేత పడింది, తెల్లవారుజామున డీవో (నీటిలో కరిగిన ఆక్సిజన్) ఎంత, పీహెచ్ ఎంత. గుమస్తా రోజూ సీఎస్‌వీ (గడుల మధ్య కామాలుండే మామూలు టెక్స్ట్) ఫైల్‌గా సేవ్ చేస్తాడు. దాన్ని చదివి వారం రిపోర్ట్ తీసే పైథాన్ ప్రోగ్రామ్ మనం రాయాలి. కూడికలు పెద్ద పనేం కాదు. ఫైల్ తెరుచుకోకపోతే ఏం చేయాలన్నదే తలనొప్పి.

మొదటి పద్ధతిలో 'ఓఎస్.పాత్.ఎగ్జిస్ట్స్'తో ఫైల్ ఉందో లేదో చూసి, ఉంటేనే తెరుస్తాం. కొత్తగా నేర్చుకునేవాళ్లకు ముందు తోచేది ఇదే, చదవడానికీ హాయిగా ఉంటుంది. కానీ నరసాపురం రేవులో గోదావరి దాటించే పంటు ఉందని ఫోన్లో కనుక్కుని బయల్దేరితే, మనం వెళ్లేసరికి అది అవతల సఖినేటిపల్లి ఒడ్డున ఉండొచ్చు. ఇక్కడా అంతే. చూడటానికీ తెరవడానికీ మధ్య ఎవరైనా పెన్‌డ్రైవ్ లాగేయొచ్చు, షేర్డ్ ఫోల్డర్ ఉన్న కంప్యూటర్‌కు కరెంటు పోవచ్చు. పైగా ఫోల్డర్‌లోకి చూసే అనుమతి లేకపోయినా ఎగ్జిస్ట్స్ 'లేదు' అనే చెబుతుంది. ఫైల్ అక్కడే ఉంటుంది, తిట్లు గుమస్తాకు పడతాయి.

రెండోది ట్రై, ఎక్సెప్ట్. నేరుగా తెరవడం, కుదరకపోతే వచ్చిన ఎర్రర్‌ను పట్టుకోవడం. 2012లో వచ్చిన పైథాన్ 3.3 నుంచి ఇది బాగా సుఖమైంది. ఫైల్ లేకపోతే ఫైల్‌నాట్‌ఫౌండ్‌ఎర్రర్, అనుమతి లేకపోతే పర్మిషన్‌ఎర్రర్ అని విడివిడి పేర్లు వచ్చాయి, అన్నీ ఓఎస్‌ఎర్రర్ కిందివే. విండోస్‌లో పాత రిపోర్ట్ ఎక్సెల్‌లో తెరిచి ఉండగా దాని మీదే కొత్తది రాయబోతే పర్మిషన్‌ఎర్రర్ వస్తుంది. ముందే చూసే పద్ధతికి ఇది అస్సలు చిక్కదు, ఎందుకంటే ఫైల్ నిక్షేపంగా ఉంది. ఎక్సెప్ట్‌లో "ముందు ఎక్సెల్ మూసేయండి" అని చూపిస్తే గుమస్తాకు పని తేలిపోతుంది.

అందుకే తెరవడం వరకూ నా ఓటు ట్రైకే. అయితే ఏ ఎర్రరో చెప్పకుండా ఉత్త ఎక్సెప్ట్ రాసి, కింద 'పాస్' (ఏమీ చేయకు) అని పెట్టి ఊరుకునేవాళ్లున్నారు. దానికన్నా మొదటి పద్ధతే వెయ్యి రెట్లు నయం. ఆ ఉత్త ఎక్సెప్ట్, ప్రోగ్రామ్ ఆపడానికి కంట్రోల్-సీ నొక్కినా మింగేస్తుంది, వేరియబుల్ పేరు తప్పు రాసినా మింగేస్తుంది. మేత మొత్తం సున్నా అని రిపోర్ట్ వస్తుంది, ఎందుకో ఎవరికీ తెలీదు.

ఇంకో మెలిక. తెలుగులో చెరువుల పేర్లున్న ఫైల్‌ను తప్పు ఎన్‌కోడింగ్‌తో (అక్షరాలను బైట్లుగా దాచే పద్ధతితో) చదివితే వచ్చే యూనికోడ్‌డీకోడ్‌ఎర్రర్, వాల్యూఎర్రర్ కుటుంబానిది. ఓఎస్‌ఎర్రర్ కోసం వేసిన వలలో అది పడదు. తెరిచేటప్పుడే ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని రాసి, దీన్ని విడిగా పట్టుకోవాలి.

గో భాషలో ఈ తగాదానే లేదు. ఓపెన్ చేస్తే ఫైల్‌తో పాటు ఎర్రర్ కూడా విలువగా చేతికొస్తుంది, వెంటనే చూసుకోవడమే. ప్రతిచోటా అదే మూడు లైన్లు రాయడం మాత్రం విసుగు.

పాత రిపోర్ట్ చెరిగిపోకూడదనుకుంటే రాయడానికి తెరిచే 'డబ్ల్యూ' మోడ్ వద్దు, తెరిచిన క్షణమే లోపలిదంతా తుడిచేస్తుంది. 'ఎక్స్' మోడ్ వాడితే, ఆ పేరుతో ఫైల్ ఉంటే ఫైల్‌ఎగ్జిస్ట్స్‌ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. చూడటం, తెరవడం ఒకే దెబ్బలో అయిపోతాయి.

ముందే చూసుకోవడం గెలిచేది ఫైల్ లోపలి సరుకు దగ్గర. ఖాళీ ఫైల్ ఏ ఎర్రరూ లేకుండా తెరుచుకుంటుంది. డీవో గడిలో 5కు బదులు 50 పడినా పైథాన్ కిమ్మనదు. అక్కడ ఇఫ్ (అలా ఉంటే ఇలా చేయి అనే షరతు) రాయాల్సిందే: విలువ 20 దాటితే ఆ వరుస నంబరు చూపించి, లెక్క కట్టకుండా ఆపేయండి.