1969 కమారోకి ఐదో గేరు: ట్రెమెక్ టీకేఎక్స్‌తో నా అనుభవం

మిషిగన్‌లో మేముండే నోవై నుంచి సౌత్ హేవెన్‌లోని జింజర్‌మన్ రేస్‌వేకి రెండున్నర గంటల పైనే ప్రయాణం. నా 1969 షెవ్రొలే కమారో అక్కడికి ట్రెయిలర్ మీద పోదు. నేనే నడుపుకుంటూ వెళ్తాను, ట్రాక్ మీద తిప్పుతాను, సాయంత్రం అదే కారులో ఇంటికొస్తాను. ఈ బండి పని మొదలుపెట్టినప్పుడు నాకు నేను పెట్టుకున్న షరతు అదొక్కటే. ఇవాళ అది నెరవేరుతోందంటే కారణం కొత్తగా వేయించిన గేర్‌బాక్స్, ట్రెమెక్ కంపెనీ చేసిన టీకేఎక్స్. అందుకే ఇంజిన్ సంగతి పక్కనబెట్టి దాని గురించే రాస్తున్నాను.

పాత బాక్స్ మీద నాకు కోపమేం లేదు. అది మన్సీ ఎం20, నాలుగు గేర్లది. ఇండియానా రాష్ట్రంలో మన్సీ అనే ఊళ్లో జనరల్ మోటార్స్ 1963 నుంచి 1974 దాకా ఈ రకం బాక్సులు తయారు చేసింది. అల్యూమినియం కేసు, చేతికి గట్టిగా తగిలే గేర్ రాడ్, మొదటి గేరు నిష్పత్తి 2.52, అంటే ఇంజిన్ 2.52 చుట్లు తిరిగితే బాక్స్ వెనక షాఫ్ట్ ఒక చుట్టు తిరుగుతుంది. దాంతో వచ్చిన చిక్కల్లా నాలుగో గేరే. అది ఒకటికి ఒకటి, ఆ పైన ఇంకేం లేదు. వెనక ఇరుసులో చక్రాల్ని తిప్పే గేర్ల జత, అంటే క్రౌన్, పినియన్, నిష్పత్తి 3.73. టైర్లు 275/40 ఆర్17, అంటే ఎత్తు 25.7 అంగుళాలు. లెక్క కడితే గంటకి 70 మైళ్ల దగ్గర ఇంజిన్ నిమిషానికి 3,400 చుట్లు తిరుగుతుంది. హైవే పొడుగునా అదే మోత. మా ఆవిడ ఒకసారి నాతో వచ్చింది. కలమజూ చేరేసరికి ఇద్దరం మాటలు మానేసి చేతులతో సైగలు చేసుకుంటున్నాం. మళ్లీ రమ్మని అడగడానికి నాకు నోరు రాలేదు.

క్రౌన్ మార్చి 3.08 వేయించుకోవచ్చు కదా అన్నారు చాలామంది. వేయిస్తే హైవే మీద బాగానే ఉంటుంది. ట్రాక్ మీద మలుపు తిరిగి బయటికొచ్చేటప్పుడు మాత్రం ఊపు చచ్చిపోతుంది. ట్రాక్‌కి 3.73 కావాలి, రోడ్డుకి 2.50 చిల్లర కావాలి. రెండూ ఒకే బండిలో ఉండాలంటే ఓవర్‌డ్రైవ్, అంటే ఒకటికంటే తక్కువ నిష్పత్తి ఉన్న పై గేరు, తప్ప దారి లేదు. 3.73ని టీకేఎక్స్ ఐదో గేరు 0.68తో గుణిస్తే 2.54 వస్తుంది. ఆ లెక్క కాగితం మీద వేసుకున్న రోజే నిర్ణయం అయిపోయింది.

ట్రెమెక్‌లోనే ఆరు గేర్ల టీ56 మాగ్నమ్ ఉంది. 700 పౌండ్-అడుగుల టార్క్ (ఇంజిన్ తిప్పే బలం) తట్టుకుంటుంది, పేరున్న బాక్స్. కానీ అది పట్టాలంటే ఈ కారు టన్నెల్, అంటే గేర్‌బాక్స్ మీదుగా ఫ్లోరులో ఉబ్బెత్తుగా ఉండే రేకు, కొయ్యాలి. చలికాలం అంతా రోడ్ల మీద ఉప్పు చల్లే రాష్ట్రం ఇది. ఇక్కడ తుప్పు పట్టని ఒరిజినల్ ఫ్లోరుతో 1969 కారు దొరకడమే అదృష్టం. ఆ రేకు మీద కట్టర్ పెట్టడానికి నా చేతులు రావు. టీకేఎక్స్ ఐదు గేర్లది, కేసు చిన్నది. అప్పటి కార్ల ఇరుకు టన్నెళ్లలో పట్టేలాగే దీన్ని డిజైన్ చేశారు. 600 పౌండ్-అడుగుల దాకా తట్టుకుంటుంది. నా 350 ఘనపు అంగుళాల ఇంజిన్‌కి అది కావలసినదానికంటే ఎక్కువే.

గేర్ల నిష్పత్తుల్లో మూడు రకాలు ఇస్తారు. ఒకదాంట్లో మొదటి గేరు 3.27, ఐదోది 0.72. మిగతా రెండింట్లోనూ మొదటిది 2.87, ఐదోది మాత్రం ఒకదాంట్లో 0.81, ఇంకోదాంట్లో 0.68. నేను 2.87, 0.68 తీసుకున్నాను. 3.73 క్రౌన్‌తో 3.27 మొదటి గేరు పెడితే బండి కదిలిందో లేదో రెండో గేరు వెయ్యాల్సి వస్తుంది.

బాక్స్ ఒక్కటే కొంటే సరిపోదు, అది ముందే తెలుసుకోవాలి. ఇంజిన్ వైపు ఉండే ఇన్‌పుట్ షాఫ్టు మీద పాత మన్సీకి 10 స్ప్లైన్లు (పళ్ల లాంటి గాళ్లు), దీనికి 26. కాబట్టి క్లచ్ ప్లేట్ మారాలి. వెనక ప్రొపెల్లర్ షాఫ్టుని బాక్స్‌కి కలిపే యోక్ 31 స్ప్లైన్లది కావాలి, ప్రొపెల్లర్ షాఫ్టు కొలత చూసి చేయించుకోవాలి, కింద బాక్స్‌ని మోసే అడ్డ పట్టీ, క్రాస్‌మెంబర్, వేరేది. స్పీడోమీటర్ కేబుల్‌కి చోటు ఉంది గనక డాష్‌బోర్డులో పాత మీటర్ అలాగే ఉంచుకున్నాను. దాన్ని తీసెయ్యాల్సొస్తే బాధపడేవాణ్ణి.

ఈ బిగింపు పని నేనే చెయ్యాల్సింది. అప్పుడు ఆఫీసులో క్షణం తీరిక లేదు. దగ్గర్లో ఒక షాపుకి ఇచ్చాను. రెండు వారాల్లో ఇచ్చేశారు, పైకి చూడ్డానికి పని శుభ్రంగానే ఉంది. మొదటి రోజే రెండు తేడాలు కనిపించాయి. మూడో గేరు ఇసుకలోకి తోస్తున్నట్టు బిగుసుకునేది. 60 మైళ్ల దగ్గర సీటు కింద సన్నటి వణుకు. అడిగితే, కొత్త బాక్స్ కదండీ, 500 మైళ్లు తిరిగితే సర్దుకుంటుంది అన్నారు. మొదటి 500 మైళ్లు నెమ్మదిగా నడపాలన్న మాట నిజమే కాబట్టి నమ్మాను. 500 అయ్యాయి, 700 అయ్యాయి. ఏమీ సర్దుకోలేదు. ఐదు వేల డాలర్ల పైన పోసి, గేరు వేసిన ప్రతిసారీ టెన్షన్ పడుతూ నడిపాను.

మా నాన్న విజయవాడ ఆటోనగర్‌లో ముప్ఫై ఏళ్లు లేతు నడిపారు. ఆదివారం ఫోన్లో మాటల్లో ఈ సంగతి చెప్పాను.

“హౌసింగ్‌కి డయల్ పెట్టారా?” అన్నారు.

“తెలీదు నాన్నా.”

“బిల్లులో రాశారా?”

“లేదు.”

“అయితే పెట్టలేదురా. విప్పు.”

సంగతేంటంటే, ఇంజిన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య గంట ఆకారంలో ఒక హౌసింగ్ ఉంటుంది. దాని మధ్య రంధ్రంలో గేర్‌బాక్స్ కూర్చుంటుంది. ఆ రంధ్రం కేంద్రం, క్రాంక్‌షాఫ్ట్ కేంద్రం ఒకే గీత మీద ఉండాలి. లేకపోతే ఇన్‌పుట్ షాఫ్ట్ ప్రతి చుట్టుకీ కాస్త వంకరగా లాగబడుతుంది, గేరు పట్టేసినట్టు అవుతుంది, బేరింగులు అరుగుతాయి. పాత బాక్సులు కొంత ఓర్చుకునేవి. ఈ కొత్తవి బిగువుగా చేసినవి, ఊరుకోవు. సన్నటి తేడాలు కొలిచే డయల్ గేజ్‌ని (నాన్న అన్న డయల్ ఇదే) చుట్టంతా తిప్పితే తేడా 5 థౌ లోపే ఉండాలి. థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు. మన తల వెంట్రుక మందం రెండు మూడు థౌ ఉంటుంది.

ఫిబ్రవరిలో ఒక శనివారం బండిని స్టాండ్ల మీదకి ఎత్తి బాక్స్ దించాను, క్లచ్ విప్పాను, హౌసింగ్ మళ్లీ బిగించాను. క్రాంక్ వెనక ఉండే ఫ్లైవీల్‌కి అయస్కాంతం స్టాండు అంటించి, డయల్ గేజ్ మొన హౌసింగ్ రంధ్రం లోపలి అంచుకి తగిలేలా పెట్టాను. క్రాంక్ తేలిగ్గా తిరగడానికి స్పార్క్ ప్లగ్గులు తీసేశాను. మాకు రాత్రి తొమ్మిదిన్నర, విజయవాడలో పొద్దున్న ఎనిమిది. టూల్ బాక్స్ మీద ఆనించిన ఫోన్లో నాన్న, గేజ్ దగ్గర టార్చి పట్టుకుని మా ఆవిడ, ఇంజిన్ ముందున్న క్రాంక్ బోల్టుకి పానా వేసి నేను. మెల్లగా తిప్పుతుంటే ఆమె చదువుతోంది: సున్నా, నాలుగు, తొమ్మిది, పదిహేను, పద్దెనిమిది, మళ్లీ వెనక్కి.

పద్దెనిమిది థౌ. ఐదు లోపు ఉండాల్సిన చోట.

“మళ్లీ తిప్పు. మూడుసార్లు ఒకటే రావాలి” అన్నారు నాన్న. మూడుసార్లూ పద్దెనిమిదే వచ్చింది. కేంద్రం తప్పింది అందులో సగం, తొమ్మిది థౌ. ఇంజిన్ బ్లాక్ వెనక హౌసింగ్‌ని నిలబెట్టే రెండు డోవెల్ పిన్నులు ఉంటాయి. వాటి స్థానంలో వేసుకోవడానికి మధ్య నుంచి కొంచెం పక్కకి జరిగిన ఆఫ్‌సెట్ డోవెల్స్ అమ్ముతారు: 7, 14, 21 థౌల్లో. ఏడు థౌవి వేస్తే గేజ్ మీద పద్నాలుగు తగ్గుతుంది. తర్వాతి శనివారం పాత పిన్నులు లాగేసి, కొత్తవి రెండూ ఒకే దిక్కుకి తిప్పి కొట్టాను. మళ్లీ డయల్. ఈసారి నాలుగు. నాన్న ఏమీ అనలేదు. కళ్లజోడు తీసి తుడుచుకుని, కాఫీ తాగొస్తానని లేచారు.

ఆ వణుకు వేరే జబ్బు. గేర్‌బాక్స్ తోక కిందికి మూడు డిగ్రీలు వాలి ఉంది, పినియన్ కూడా కిందికే చూస్తోంది. ప్రొపెల్లర్ షాఫ్ట్ రెండు చివర్లా కోణాలు ఒకదాన్నొకటి కొట్టేసుకోవాలి, అప్పుడే వణుకు చస్తుంది. కమాను కట్టలకీ ఇరుసుకీ మధ్య ఒక పక్క మందంగా, ఇంకో పక్క పల్చగా ఉండే షిమ్ములు పెట్టి పినియన్‌ని పైకి తిప్పాను. పూర్తిగా మూడు డిగ్రీలు కాకుండా ఒక డిగ్రీ తక్కువ ఉంచాను. కట్టలున్న బండిలో యాక్సిలరేటర్ తొక్కగానే పినియన్ ముక్కు పైకి లేస్తుంది, ఆ మిగతా డిగ్రీ అదే సరిచేసుకుంటుంది.

ఇప్పుడు బాక్స్ ఎలా ఉందో చెప్తాను. రెండో గేరు నుంచి మూడుకి రాడ్ చూపుడు వేలితో తోసినా వెళ్తుంది. గేరు పడేముందు రెండు వైపులా వేగాలు కలిపే మల్టీ కోన్ సింక్రోనైజర్లు ఉన్న తేడా అక్కడే తెలుస్తుంది. 5,500 మీద వేగంగా మార్చినా గీక్కోదు, ఎదురు తిరగదు, తలుపు గడియ పడ్డట్టు టక్కున పడుతుంది. జింజర్‌మన్ చుట్టు 2.14 మైళ్లు, 11 మలుపులు. అక్కడ నా పనంతా రెండు, మూడు, నాలుగు గేర్లలోనే అయిపోతుంది. నాలుగో గేరులో 6,000 దగ్గర 123 మైళ్లు వస్తుంది లెక్క ప్రకారం, అంతదాకా నేనెప్పుడూ పోలేదు. తిన్నని దారి చివర గట్టిగా బ్రేకు తొక్కి, మడమతో యాక్సిలరేటర్ తడుతూ నాలుగు నుంచి మూడు, మూడు నుంచి రెండుకి దింపేటప్పుడు చెయ్యి ఎక్కడ వెతుక్కోవాలా అన్న ఆలోచనే రాదు. కళ్లు మలుపు మీదే ఉంటాయి. పాత మన్సీతో ఇరవై నిమిషాల సెషన్ అయ్యేసరికి కుడి భుజం నొప్పెట్టేది.

సాయంత్రం హెల్మెట్ వెనక సీట్లో పడేసి హైవే ఎక్కాక ఐదో గేరు వేస్తే 70 మైళ్ల దగ్గర 2,300. మా ఆవిడ మళ్లీ వస్తోంది. పోయిన వేసవిలో తిరుగు దారంతా పిల్లాడి స్కూలు గురించి మాట్లాడుకున్నాం, మామూలు గొంతుతో.

నాలుగుకీ ఐదుకీ మధ్య దూరం ఎక్కువ, ఇంజిన్ చుట్లు 32 శాతం పడిపోతాయి. ఐదో గేరుని ట్రాక్ మీద కూడా వాడాలనుకునేవాళ్లకి, అంటే పెద్ద పెద్ద తిన్నని దార్లున్న చోట తిప్పేవాళ్లకి, 0.81 నయం. దాంతో నా కారు 70 దగ్గర 2,750 పైన తిరిగేది. నాకు ఇంటికి ప్రశాంతంగా రావడం ముఖ్యం కాబట్టి 0.68 మీద పశ్చాత్తాపం లేదు.

ధర ఎక్కువే. బాక్స్, క్లచ్, షాఫ్ట్, క్రాస్‌మెంబర్ అన్నీ కలిపిన డబ్బుతో ఇంజిన్‌కి మంచి హెడ్లు, కామ్‌షాఫ్ట్ వచ్చేవి. బ్రేకులు, రేడియేటర్ ఇంకా పాతవే ఉంటే ముందు అవి చేయించుకోండి. నేను ముందు చక్రాలకి డిస్కు బ్రేకులు, ఇంజిన్‌ని మోసే సబ్‌ఫ్రేమ్‌కి రబ్బరు బదులు అల్యూమినియం బుష్షులు వేసుకున్నాకే దీని జోలికి వచ్చాను. షాపుకి ఇచ్చేవాళ్లు మాత్రం డయల్ గేజ్ రీడింగ్ ఎంతో బిల్లు మీద రాసివ్వమని ముందే అడగండి. గేజ్ ముల్లు కనపడేలా ఒక ఫోటో కూడా తీసి పంపమనండి. తెలిసినవాళ్లకి అది పది నిమిషాల పని.

మొన్న డాలస్ నుంచి ఒకాయన ఫోన్ చేసి తన కారుకీ 0.68 తీసుకుంటానన్నారు. క్రౌన్ ఎంతండీ అంటే 3.08 అన్నారు. వద్దన్నాను. నా టైర్ల కొలతే అనుకున్నా 70 దగ్గర 1,900కి దిగిపోతుంది. పెద్ద కామ్‌షాఫ్ట్ (వాల్వుల్ని తెరిచే షాఫ్ట్) ఉన్న ఇంజిన్ అక్కడ దగ్గుతుంది, చిన్న ఎత్తు వచ్చినా నాలుగుకి దింపాలి. 3.27 మొదటి గేరు, 0.72 ఐదో గేరు ఉన్నదాన్ని చూడమన్నాను. అప్పుడు బండి కదలడం తేలికవుతుంది, హైవే మీద 2,000 పైన నిలబడుతుంది. కామ్‌షాఫ్ట్ వివరాలు పంపుతానన్నారు, అవి చూశాక మిగతాది మాట్లాడుకోవాలి.