స్విమ్మింగ్ పూలా, ఊరి బావా, గండికోట క్యాంపా? కడప పిల్లలకు ఎండాకాలం ఏది మేలు?

బడులకు ఏప్రిల్ ఆఖర్లో సెలవులిస్తే మళ్లీ తెరిచేది జూన్ రెండో వారంలోనే. ఈలోపు కడప గోడల నిండా సమ్మర్ క్యాంపు పోస్టర్లు. క్రికెట్, కరాటే, స్కేటింగ్, ట్రెక్కింగ్, చివర్లో ఈత, అన్నిటికీ ఒకటే ఫీజు. నన్నడిగితే ఆ కలగూరగంప క్యాంపంత దండగ ఇంకోటి లేదు. గంటన్నరలో నాలుగు ఆటలు ఆడించాలంటే పిల్లోడు నీళ్లలో ఉండేది పావుగంట. దానికోసం బట్టలు మార్చుకోవడం కూడానా!

కొండలెక్కించే క్యాంపుల సంగతి ముందు తేల్చేద్దాం. పాలకొండలైనా, గండికోటైనా పిల్లలకు పండగే. గండికోటలో తాళ్లతో కొండ దిగడం, కయాకింగ్ నేర్పే సాహస క్రీడల అకాడమీ కూడా ఉంది. కానీ మే నెలంటే అగ్నికర్తరి, దాని తోక పట్టుకొని వచ్చే రోహిణి. పొద్దెక్కితే కోటలో ఎర్రరాయి మీద చెయ్యి ఆనదు, చెట్టు నీడ తక్కువ. పిల్లల ఒళ్లు పెద్దవాళ్లకంటే తొందరగా వేడెక్కుతుంది, ఆటలో పడితే దాహమని కూడా అడగరు. ఆ ముచ్చట సంక్రాంతి సెలవులకు పెట్టుకోండి. గ్రౌండు ఆటలైతే పొద్దున ఆరు నుంచి ఎనిమిది లోపే.

ఈత నేర్చుకోడానికి అసలు పోటీ ఊరి బావికీ స్విమ్మింగ్ పూలుకీ.

మన పెద్దోళ్లలో చాలామంది బావిలో నేర్చినోళ్లే. నడుముకు తాడు, వీపుకు ఎండిన సొరకాయ బుర్ర, గట్టు మీద మేనమామ. తాడు కొంచెం కొంచెం వదులు చేస్తుంటే పిల్లోడు కాళ్లూ చేతులూ టపటపా కొట్టి, కాసిని నీళ్లు మింగి, తేలడం పట్టేస్తాడు. భయం పోగొట్టడంలో బావి తర్వాతే ఏదైనా. ఫీజూ లేదు. కానీ మెట్టు దిగితే లోతే, కాలు ఆనే చోటుండదు. మెట్లకు పాచి, పక్కనే మోటరు వైర్లు. ఊరూరా బోర్లు పడ్డాక మే నెలలో నీళ్లున్న బావి దొరకడమే గగనం. అడుగున నాలుగడుగుల నీళ్లుంటే, పాత అలవాటుకొద్దీ పైనుంచి దూకినోడి మెడ విరుగుతుంది. మామకు ఈత వచ్చు, సరే. మునిగేవాణ్ని పైకి తేవడం మాత్రం వేరే విద్య.

పూలులో మొదట నేర్పేది ఈత కాదు, ఊపిరి. నోటితో పీల్చడం, మొహం నీళ్లలో పెట్టి బుడగలు వదలడం, గోడ పట్టుకొని కాళ్లు ఆడించడం. బావిలో నేర్చినోళ్లు ఎక్కువగా తల పైకెత్తి ఈదుతారు. అప్పుడు నడుము కిందికి జారి తొందరగా ఆయాసం వస్తుంది. ఊపిరి కుదిరిన పిల్లలు ఒళ్లు చదునుగా పెట్టి చాలాసేపు ఈదగలరు. అందుకే నా ఓటు పూలుకే. ఊరి బావి తర్వాత చూసుకోవచ్చు, పెద్దోళ్లు తోడుంటే.

అయితే ప్రతి పూలూ పూలు కాదు. గట్టున నిలబడి చూస్తే లోతు వైపు అడుగున ఉండే జాలీ స్పష్టంగా కనపడాలి. కనపడకపోతే వెనక్కి తిరిగి రండి. ముక్కు పగిలే వాసనొస్తే మందు బాగా వేశారని మురిసిపోతాం గానీ, చెమట, ఉచ్చ కలిసి క్లోరిన్ చెడితేనే ఆ వాసన, కళ్లమంట. నీళ్ల పీహెచ్ (పులుపు, క్షారం కొలత) 7.2 నుంచి 7.8 మధ్య ఉండాలి, రోజూ చూస్తున్నారా అని అడగండి. పిల్లలు నిలబడితే చాతీ దాకా వచ్చే లోతులో నేర్పాలి. ఇంకోటి, మునిగే పిల్లలు సినిమాల్లోలాగ కేకలు వెయ్యరు, చప్పుడు లేకుండా కిందికి పోతారు. కోచ్ చేతిలో ఫోనుంటే ఆ బ్యాచ్‌లో చేర్చొద్దు. మీరు గట్టున కూర్చున్నా మీ ఫోనూ సంచిలోనే ఉండాలి.

ఆడపిల్లలను మాత్రం ‘లేడీ కోచ్ లేదు’ అని ఇంట్లో కూర్చోబెట్టేస్తున్నారు. నలుగురైదుగురు తల్లులు కలిసిపోయి విడి బ్యాచ్ అడగండి, వీలైతే మీరూ అందులోనే చేరండి.