డెక్సా గోళీ ఎవరికి, ఎప్పుడు? బ్రిటన్, కొరియా, మన హైదరాబాద్: ఏది మేలు?

డెక్సామెథసోన్ (డెక్సా) మా మెడికల్ షాపులో ఎప్పటినుంచో ఉన్న స్టెరాయిడ్ మందే. అలర్జీలకు, ఆయాసానికి డాక్టర్లు రాసేవారు. చిన్న గోళీ, చాలా చవక. 2020 జూన్ 16న దాని పేరు దేశదేశాల్లో మోగిపోయింది. వెంటిలేటర్ మీదున్న కొవిడ్ రోగుల్లో మరణాలు మూడో వంతు, ఆక్సిజన్ మీదున్నవారిలో ఐదో వంతు తగ్గాయని బ్రిటన్‌లో తేల్చారు. ఆ వార్తకు రెండో సగం కూడా ఉంది. ఆక్సిజన్ అవసరం పడనివారికి ఈ మందుతో ఏ లాభమూ లేదని అదే రోజు చెప్పారు. మొదటి సగం తెల్లారేసరికి హైదరాబాద్ చేరింది. రెండో సగం మా ఇంట్లో అర్థమయ్యేసరికి మా బాబాయి ఎడమ కన్ను పోయింది.

అందుకే కొవిడ్‌ను ఎదుర్కోవడంలో ఏ దేశం మేలు అన్న మాట వస్తే నేను లాక్‌డౌన్ల దగ్గర మొదలుపెట్టను. జబ్బు పడ్డ మనిషిని ఎవరు ఎలా చూసుకున్నారన్నదే నాకు ముఖ్యం. ఆ లెక్కన నా ముందున్నవి రెండు దార్లు, బ్రిటన్‌ది ఒకటి, దక్షిణ కొరియాది ఒకటి.

బ్రిటన్ చేసిన గొప్ప పని రికవరీ ట్రయల్, అంటే ఆసుపత్రిలో ఉన్న కొవిడ్ రోగులకు ఏ మందు పనిచేస్తుందో తేల్చే పరీక్ష. 2020 మార్చిలో కాగితం మీద పథకం రాసుకున్న తొమ్మిది రోజులకే మొదటి రోగిని చేర్చుకున్నారు. 170కి పైగా ప్రభుత్వ ఆసుపత్రులు అందులో కలిశాయి. ఏ మందు ఎవరికన్నది డాక్టరు ఇష్టానికి వదలకుండా కంప్యూటర్‌తో చీటీ తీసినట్టు తీశారు. డెక్సా ఒక్కదాని లెక్కలోనే ఆరు వేల మందికి పైగా రోగులున్నారు. మా దగ్గర జనం క్యూ కట్టి అడిగిన హైడ్రాక్సీక్లోరోక్విన్ ఆసుపత్రి రోగులకు పనిచేయదని జూన్ 5న తేల్చింది కూడా వాళ్ళే. పనిచేసేదాన్ని పట్టుకోవడం ఎంత ముఖ్యమో, పనిచేయనిదాన్ని పక్కన పెట్టడం కూడా అంతే ముఖ్యం. మందులమ్మే మనిషిగా నాకది బాగా తెలుసు.

అదే బ్రిటన్ మార్చి 12న ఆసుపత్రుల బయట ఉన్న జనానికి కొవిడ్ పరీక్షలు ఆపేసింది. పెద్దాసుపత్రుల్లో మంచాలు ఖాళీ చేయడానికి వేలమంది ముసలివాళ్ళను పరీక్ష కూడా చేయకుండా వృద్ధాశ్రమాలకు పంపింది. ఆ ఏడాది పూర్తయ్యేసరికి అక్కడ మృతులు 70 వేలు దాటారు.

కొరియా జనాభా ఐదు కోట్ల పైచిలుకు, బ్రిటన్‌ది ఆరున్నర కోట్ల పైన. అదే ఏడాది చివరికి కొరియాలో మృతులు వెయ్యి లోపే. అక్కడ దేశమంతా మూసేసిన లాక్‌డౌనూ లేదు. 2015లో మెర్స్ అనే మరో కరోనా జబ్బు వచ్చి 186 మందికి సోకితే 38 మంది చనిపోయారు. ఆ దెబ్బ వాళ్ళు మరిచిపోలేదు. టెస్ట్ కిట్లకు అత్యవసర అనుమతినిచ్చే చట్టం అప్పుడే తెచ్చుకున్నారు కాబట్టి, 2020 ఫిబ్రవరి మొదటి వారానికే కిట్‌కు అనుమతి వచ్చింది.

నన్ను కట్టిపడేసింది మాత్రం కిట్లు కావు, డేగు నగరంలో వాళ్ళు చేసిన పని. ఫిబ్రవరిలో అక్కడ ఒక మత సమూహంలో వైరస్ ఒక్కసారిగా విరుచుకుపడింది. పాజిటివ్ వచ్చిన ప్రతి ఒక్కరినీ ఆసుపత్రిలో చేర్చాలన్నది అప్పటి నియమం. మంచాలు నిండిపోయి రెండు వేల మందికి పైగా ఇళ్ళలో ఎదురుచూశారు, అందులో కొందరు ఇంట్లోనే ప్రాణాలొదిలారు. నియమం తప్పని తెలిసిన కొద్ది రోజులకే మార్చేశారు. రోగులను నాలుగు తరగతులు చేశారు: స్వల్పం, మధ్యస్థం, తీవ్రం, విషమం. స్వల్పంగా ఉన్నవారి కోసం ప్రభుత్వ, కంపెనీల శిక్షణ కేంద్రాలను తెరిచారు. అక్కడ గదికొకరు. పక్కన థర్మామీటరు, ఫోను. రోజుకు రెండుసార్లు నర్సు వివరాలు అడుగుతుంది. లెక్క తేడా వస్తే వెంటనే పెద్దాసుపత్రికి తరలిస్తారు. మార్చి మొదటి వారంలో మొదటి కేంద్రం తెరుచుకుంది. తెలంగాణలో మొదటి కేసు బయటపడిందీ ఆ వారమే.

కొరియాకూ లోట్లున్నాయి. టీకా మొదలైంది 2021 ఫిబ్రవరి 26న, బ్రిటన్ 2020 డిసెంబర్ 8నే వేసేసింది. సోకినవారు ఎక్కడెక్కడ తిరిగారో ఊరందరికీ చాటడం నాకు మింగుడుపడదు. 2021 చివర చలికాలంలో ఐసీయూ మంచాలకు వాళ్ళూ అల్లాడారు.

లాక్‌డౌన్ పెట్టని స్వీడన్ సంగతి చాలామంది ఎత్తుతారు. అది మూయాలా వద్దా అన్న వాదన, వైద్యం గురించి కాదు. ముసలివాళ్ళను కాపాడలేకపోయామని వాళ్ళ కమిషనే 2020 డిసెంబర్‌లో చెప్పింది, నాకది చాలు.

ఇక మనం. మన దగ్గర తెలివికి కొదవ లేదు. కొవిడ్ తగ్గినవారి రక్తం నుంచి తీసిన ప్లాస్మా పనిచేస్తుందా అని మన వైద్య పరిశోధన సంస్థ ఐసీఎంఆర్ 39 ఆసుపత్రుల్లో 464 మంది మీద పరీక్షించి, లాభం లేదని 2020లోనే చెప్పింది. అయినా చికిత్స నిబంధనల నుంచి ప్లాస్మాను తీసేసింది 2021 మే 17న. ఆ మధ్యలో ఎంతమంది కొడుకులు ప్లాస్మా దాత కోసం అర్ధరాత్రి ఫోన్లు చేశారో! రెమ్‌డెసివిర్‌దీ అంతే. మరణాలను అంతగా తగ్గించడం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ట్రయల్ 2020 అక్టోబర్‌లోనే చెప్పింది. 2021 ఏప్రిల్‌లో ఆ ఇంజెక్షన్ కోసం మా షాపు ముందు ఒకాయన చేతిలో బంగారు గాజులు పట్టుకుని నిలబడ్డాడు.

బాబాయికి జ్వరం వచ్చింది ఆ నెలలోనే. పన్నెండేళ్ళుగా షుగర్. పిన్ని వాట్సాప్‌లో ఒక మందుల చీటీ పంపింది, ఎవరో డాక్టరు ఇంకెవరికో రాసింది. "నాన్నా, ఇవన్నీ కట్టి పంపు, పక్కింటివాళ్ళకు నాలుగు రోజుల్లో తగ్గిందట" అంది. ఆక్సిజన్ ఎంతుంది పిన్నీ అంటే, తొంభై ఏడు అంది. అందులో ఐవర్‌మెక్టిన్, డాక్సీ, జింకు, పొద్దున సాయంత్రం డెక్సా. తొంభై ఏడుంటే డెక్సా వద్దని, అది షుగర్‌ను పెంచుతుందని నాకు తెలుసు. షాపులో జనం, ఫోన్ల మీద ఫోన్లు. కట్టి పంపేశాను. వారం తిరిగేసరికి షుగర్ నాలుగు వందలు దాటింది. ఆ తర్వాత ముక్కు పక్కన నొప్పి, ఒక పొద్దున కన్ను తెరుచుకోలేదు. కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రిలో బ్లాక్ ఫంగస్ అన్నారు, షుగర్ పెరిగి స్టెరాయిడ్ పడ్డ ఒంట్లో పట్టేది. ఆపరేషన్, ఆంఫోటెరిసిన్ ఇంజెక్షన్లు, ప్రాణం దక్కింది.

ఏది మేలు అంటే నేను కొరియా దారే అంటాను. బ్రిటన్ కనుక్కున్నది అందరికీ ఉచితంగా దొరికింది. 2020 జూన్ నెలాఖరుకే డెక్సా మన కేంద్ర ఆరోగ్య శాఖ నిబంధనల్లో చేరింది. కానీ డేగులో రోజుకు రెండుసార్లు వివరాలడిగిన నర్సు విమానంలో రాదు. ఆ ఏర్పాటు ఎవరి ఊళ్ళో వాళ్ళే చేసుకోవాలి. 2021 మేలో ఇక్కడ ఇంటింటికీ జ్వర సర్వే చేసి మందుల కిట్లు పంచారు, ఆశా కార్యకర్తలు ఎండలో మెట్లెక్కి దిగారు. ఆ కష్టానికి నేను చేతులెత్తి మొక్కుతాను. కాకపోతే కిట్టు ఇంట్లో పెట్టాక పొద్దున ఎంత, సాయంత్రం ఎంత అని మళ్ళీ అడిగే మనిషి కావాలి. మనకు బస్తీ దవాఖానాలనే చిన్న సర్కారు క్లినిక్‌లున్నాయి, పెళ్ళిళ్ళు లేని రోజుల్లో ఖాళీగా ఉండే ఫంక్షన్ హాళ్ళున్నాయి. ఒక్కో దవాఖానాకు రెండు హాళ్ళు, పది ఆక్సీమీటర్లు, షుగర్ మిషన్, రాత్రి ఫోన్ ఎత్తే ఒక నర్సు. ఆక్సిజన్ తొంభై నాలుగుకు దిగితే ఏ ఆసుపత్రికి ఫోన్ చేయాలో గోడ మీద రాసిన నంబరు. డెక్సా ఆ తర్వాత, అక్కడి డాక్టరు రాస్తే.

బాబాయికి షుగర్ మందులు ఇప్పటికీ నేనే పంపుతాను. పిన్ని ప్రతి నెలా క్యాలెండర్ కాగితం చింపి ఫోటో తీసి పెడుతుంది. తేదీ పక్కన పొద్దున ఒక అంకె, సాయంత్రం ఒక అంకె. రెండూ చదివాకే మందులు కడతాను.